ఎవరికీ అక్కర్లేని ప్లేయర్లతో కట్టిన టీమ్: బిల్ స్నైడర్, కాన్సస్ స్టేట్ కేస్ స్టడీ

ఓడిపోవడం అలవాటైపోయిన టీమ్‌ని చేతిలో పెడితే ముందు ఏం చేస్తావ్ అని ఏ కోచ్‌ని అడిగినా "మంచి ప్లేయర్లని తెచ్చుకుంటా" అనే అంటాడు. బానే ఉంది, కానీ పక్క ఊళ్ళో గెలిచే టీమ్ ఉండగా ఆ మంచి ప్లేయర్లు నీ దగ్గరికి ఎందుకొస్తారు? అక్కడే అందరం ఆగిపోతాం. నేను ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని, మన మామూలు ఫుట్‌బాల్ టీమ్ చూస్తాను, ఈ ప్రశ్న ప్రతి జూన్‌లో అడ్మిషన్లప్పుడు నా ముందు కూచుంటుంది. దీనికి నేను చదివిన వాటిల్లో పూర్తి జవాబు అనిపించిన కేసు అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీది, అక్కడ కోచ్ బిల్ స్నైడర్. ఆట వేరే, డబ్బు లెక్కలు వేరే, అయినా కోచ్ పనిని పనిగా చూస్తే ఇంతకంటే తేటగా కనిపించే కేసు నాకు దొరకలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పేస్తా. టీముకి 11 మంది, బాల్ ఉన్న టీముకి నాలుగు ఛాన్సులు, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకి పోతే మళ్ళీ నాలుగు ఛాన్సులొస్తాయి, పోలేదా బాల్ అవతలోళ్ళకి. బాల్ మొదట అందుకునేది క్వార్టర్‌బ్యాక్, వాడు విసురుతాడు, లేదా పక్కనున్న రన్నింగ్ బ్యాక్ చేతిలో పెడతాడు. కాలేజీ ఫుట్‌బాల్ అంటే అక్కడ మామూలు విషయం కాదు, చిన్న ఊళ్ళల్లో కూడా యాభై వేలమంది పట్టే స్టేడియాలుంటాయి, సీజన్ బాగా ఆడినవాళ్ళకి చివర్లో బౌల్ గేమ్ అని ఒక స్పెషల్ మ్యాచ్ ఇస్తారు. ఆ బౌల్‌కి వెళ్ళడమే చాలా కాలేజీలకి ఏడాది మొత్తం టార్గెట్.

ఇప్పుడు 1988లో కాన్సస్ స్టేట్ ఎలా ఉందో చూడండి. ఊరి పేరు మన్‌హట్టన్, న్యూయార్క్‌లోది కాదు, కాన్సస్ రాష్ట్రంలో చుట్టూ పచ్చిక కొండలు, పశువులు, పొలాలు ఉండే చిన్న ఊరు. వ్యవసాయం, పశువైద్యం చదువులకి మంచి పేరున్న యూనివర్సిటీ, ఫుట్‌బాల్‌లో మాత్రం దేశం మొత్తంలో అట్టడుగు. అప్పటికి రికార్డు 299 గెలుపులు, 510 ఓటములు, 41 డ్రాలు, పెద్ద లీగ్ కాలేజీల్లో 500 మ్యాచ్‌లు ఓడిన మొదటి టీమ్ ఇదే. తొంభై ఏళ్ళ పైబడ్డ చరిత్రలో వెళ్ళింది ఒకే ఒక్క బౌల్, 1982లో, అది కూడా కోచ్ జిమ్ డికీ అంతకుముందు ఏడాది సీనియర్లలో చాలామందిని కావాలని ఆడించకుండా దాచిపెట్టి మరుసటి ఏడాది అందర్నీ ఒకేసారి దింపితే వచ్చింది. తర్వాత వచ్చిన స్టాన్ పారిష్ మూడేళ్ళలో 2 గెలిచి 30 ఓడాడు, ఒకటి డ్రా. 1987, 1988 రెండు సీజన్లు కలిపి ఒక్క గెలుపు లేదు, ఆ డ్రా కూడా తమలాగే చెత్తగా ఆడుతున్న పక్క యూనివర్సిటీ కాన్సస్ మీద. వీళ్ళున్న బిగ్ ఎయిట్ లీగ్‌లోనేమో నెబ్రాస్కా, ఓక్లహోమా లాంటి దిగ్గజాలు. ఇలా అయితే లీగ్‌లోంచి తప్పుకోవాల్సి వస్తుందేమో అన్న భయం యూనివర్సిటీ ప్రెసిడెంట్ జాన్ వెఫాల్డ్‌కి పట్టుకుంది, స్టూడెంట్ల సంఖ్య కూడా తగ్గుతూ ఉంది. 1989 సీజన్ మొదలయ్యే ముందు స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక అయితే వీళ్ళ మీద ఏకంగా పెద్ద వ్యాసమే వేసింది, అమెరికాలోకెల్లా పనికిరాని టీమ్ ఇదీ అన్నట్టు.

ఇలాంటి చోటికి వచ్చాడు స్నైడర్. అప్పటికి ఆయన వయసు 49, అంతకుముందు ఏ కాలేజీలోనూ ఫుట్‌బాల్ హెడ్ కోచ్‌గా చెయ్యలేదు.

ఆయన వెనక కథ చాలామంది ఒక లైన్‌లో దాటేస్తారు గానీ నా లెక్కలో కేసులో సగం అక్కడే ఉంది. పుట్టింది 1939లో, పెరిగింది మిస్సోరీ రాష్ట్రం సెయింట్ జోసెఫ్‌లో, చిన్నప్పుడే అమ్మానాన్న విడిపోతే ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేసే అమ్మే పెంచింది, ఇద్దరూ ఉండేది ఒక చిన్న గది లాంటి అపార్ట్‌మెంట్. పెద్ద యూనివర్సిటీలో ఆడదామని మిస్సోరీకి వెళ్ళి, అక్కడ కుదరక విలియం జ్యువెల్ అనే చిన్న కాలేజీకి మారి ఆడాడు. తర్వాత కాలిఫోర్నియాలో హైస్కూళ్ళల్లో కోచింగ్, టెక్సస్‌లో ఆస్టిన్ కాలేజీ అనే చిన్న కాలేజీలో ఉద్యోగం, అక్కడ ఫుట్‌బాల్‌తో పాటు స్విమ్మింగ్ కోచ్ డ్యూటీ కూడా ఈయన మీదే పడింది. మన పీడీలకి ఇది అర్థమవుతుంది, పొద్దున వాలీబాల్, సాయంత్రం కబడ్డీ, మధ్యలో ఇన్విజిలేషన్.

అసలు మలుపు హేడెన్ ఫ్రై దగ్గర చేరడం. 1976 నుంచి నార్త్ టెక్సస్‌లో, 1979 నుంచి అయోవాలో, మొత్తం పన్నెండు పదమూడేళ్ళు ఆయన కిందే, అయోవాలో అఫెన్స్, అంటే బాల్ మన చేతిలో ఉన్నప్పటి ఆట, నడిపే కోఆర్డినేటర్‌గా. అయోవా అప్పటికి పదిహేడేళ్ళుగా ఒక్క సీజన్‌లో కూడా ఓటములకంటే గెలుపులు ఎక్కువ చూడని టీమ్, ఫ్రై వచ్చిన మూడో ఏడు అంటే 1981లో రోజ్ బౌల్‌కి పోయింది. ఫ్రై పద్ధతేంటంటే ముందు టీమ్ రూపం మార్చేస్తాడు, కొత్త జెర్సీలు, కొత్త లోగో, పాత ఓటముల వాసన తగలకుండా. ఇదంతా స్నైడర్ లోపల కూచుని చూశాడు. ఆయన తయారుచేసిన క్వార్టర్‌బ్యాక్ చక్ లాంగ్ 1985లో దేశంలో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. కాబట్టి కాన్సస్ స్టేట్‌కి వచ్చిన మనిషి పేరుకి కొత్త హెడ్ కోచ్, కానీ పడిపోయిన టీమ్‌ని లేపడం ఎలాగో దగ్గరుండి ఒకసారి చూసి వచ్చినవాడు. కోచ్‌ని ఎంచుకునే కమిటీలు హెడ్ కోచ్‌గా ఎన్ని గెలిచాడు అని అడుగుతాయి, ఎవరి పక్కన ఎన్నేళ్ళు నిలబడ్డాడు అని అడగవు, అదే నాకు విడ్డూరం.

వచ్చిన రోజున ఆయన చెప్పిన మాట సారాంశం ఏంటంటే, కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలోనే అతి పెద్ద మలుపుకి ఇక్కడ అవకాశం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు అని. అప్పుడు విన్నవాళ్ళు ఎంతమంది నవ్వుకున్నారో.

ఇక ఏం చేశాడు అనే దానికొస్తే, ముందు లోగో. గురువు దగ్గర నేర్చుకున్నదే, 1989లో టామ్ బుక్‌వాల్టర్ అనే ఆర్టిస్ట్ గీసిన పిల్లి తల గుర్తు, పవర్‌క్యాట్ అంటారు, ఇప్పుడు ఆ రాష్ట్రంలో లారీల మీద, ధాన్యం గోదాముల మీద కూడా అదే కనిపిస్తుంది. తర్వాత 16 గోల్స్ అని ఒక లిస్ట్, కమిట్‌మెంట్, స్వార్థం లేకపోవడం, ఐకమత్యం, రోజూ మెరుగుపడటం ఇలా. చూస్తే స్కూల్ గోడ మీద రాసే సూక్తుల్లాగే ఉంటాయి, నాకు మొదట చిరాకేసింది కూడా. కానీ గమనించాల్సింది ఏంటంటే ఆ లిస్ట్‌లో ఫలానా కప్పు కొట్టాలి, ఇన్ని మ్యాచ్‌లు గెలవాలి అనేది లేదు. రెండేళ్ళుగా గెలుపు మొహం చూడని కుర్రాళ్ళకి "ఈసారి ఆరు గెలవాలి" అని చెప్తే మూడో ఓటమికే లెక్క తప్పిపోయి అందరూ వదిలేస్తారు, "నిన్నటికంటే ఇవాళ కొంచెం బాగా చెయ్" అంటే ఓడిన రోజు కూడా ఆ లెక్క బతికే ఉంటుంది. ఇది సైకాలజీ పుస్తకం అక్కర్లేని విషయం, చిన్న కాలేజీ టీమ్‌తో నాలుగు టోర్నమెంట్లు తిరిగిన ఎవరికైనా తెలుస్తుంది.

మొదటి గెలుపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1989లో మొదటి మూడు మ్యాచ్‌లు కూడా ఓడారు, అంటే వరసగా 30 మ్యాచ్‌లు గెలుపు లేకుండా. సెప్టెంబర్ 30, ఇంట్లోనే మ్యాచ్, ఎదురుగా నార్త్ టెక్సస్, అంటే స్నైడర్ పదేళ్ళ కింద పనిచేసిన టీమే. వెనకబడి ఉన్నారు, టైమ్ అయిపోతోంది, ఆఖరి ప్లేలో క్వార్టర్‌బ్యాక్ కార్ల్ స్ట్రా విసిరిన బాల్‌ని ఫ్రాంక్ హెర్నాండెజ్ ఎండ్ జోన్‌లో, అంటే స్కోరు వచ్చే మైదానం చివరి భాగంలో, పట్టాడు, 20-17. ఆ సీజన్‌లో గెలిచింది ఆ ఒక్కటే, చివరికి 1-10. బయట నుంచి చూస్తే కొత్త కోచ్ కూడా ఫెయిలే. అలాంటి సీజన్ చివర మన మేనేజ్‌మెంట్లు ఏం చేస్తాయో నేను చెప్పక్కర్లేదు. వెఫాల్డ్ ఆగాడు, ఆగడమే కాదు, ఇండోర్ ప్రాక్టీస్ హాల్ లాంటి వాటికి డబ్బు పోగేశాడు. తర్వాతి ఏడాది 5-6, 1991లో 7-4, 1992లో మళ్ళీ 5-6కి జారారు, 1993లో 9-2-1 చేసి బౌల్‌కి వెళ్ళి వయోమింగ్‌ని 52-17తో కొట్టారు. అంటే అయిదేళ్ళు పట్టింది. ఆ గ్రాఫ్‌లో 1992 దగ్గర ఉన్న గుంత నాకు ఇష్టం, కథగా చెప్పేవాళ్ళు దాన్ని దాచేస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ప్లేయర్లు ఎక్కణ్ణించి వచ్చారు?

హైస్కూల్‌లో మెరిసిన కుర్రాళ్ళు నెబ్రాస్కాకో ఓక్లహోమాకో పోతారు, వాళ్ళ వెంటపడి లాభం లేదు. కాన్సస్ రాష్ట్రంలో జనాభా తక్కువ, ఉన్న కొద్దిమందిని కూడా పెద్దోళ్ళు ఎగరేసుకుపోతారు. స్నైడర్ చూపు రెండేళ్ళ జూనియర్ కాలేజీల మీద పడింది, జూకో అంటారు. అక్కడుండేది ఎవరంటే మార్కులు చాలక పెద్ద కాలేజీలో సీటు రానివాళ్ళు, హైస్కూల్‌లో పొట్టిగా ఉండి తర్వాత ఎదిగినవాళ్ళు, ఎక్కడో గొడవపడి బయటికొచ్చినవాళ్ళు. కాన్సస్‌లో అలాంటి కాలేజీలు బోలెడు, ఫుట్‌బాల్ గట్టిగా ఆడతాయి కూడా. పెద్ద కోచ్‌లు అప్పట్లో జూకో ప్లేయర్లని అంటే కొంచెం చిన్నచూపు, అవసరానికి ఒకరిద్దర్ని తీసుకునేవాళ్ళు. స్నైడర్ టీమ్‌ని దాని మీదే నిలబెట్టాడు. లాభం ఏంటంటే 18 ఏళ్ళ పిల్లాడు కాకుండా 20 ఏళ్ళ మనిషి వస్తాడు, ఒళ్ళు గట్టిపడి ఉంటుంది, రేపే ఆడించొచ్చు. నష్టం ఏంటంటే మామూలుగా రెండేళ్ళకే వెళ్ళిపోతాడు, కాబట్టి ప్రతి ఏడాదీ మళ్ళీ వెతకాలి, ఒక ఏడు ఎంపిక తప్పితే రెండేళ్ళకి దెబ్బ కనిపిస్తుంది. ఈ నష్టం గుర్తుపెట్టుకోండి, 2004 దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇంకో గుంపు వాకాన్‌లు, అంటే స్కాలర్‌షిప్ లేకుండా సొంత డబ్బుతో చదువుకుంటూ టీమ్‌లో చోటు కోసం వచ్చే కుర్రాళ్ళు. చుట్టుపక్కల పల్లెల పిల్లలు, రైతుల కొడుకులు. మన్‌హట్టన్ దగ్గర్లోనే పొలంలో పెరిగిన జోర్డీ నెల్సన్ అలా వచ్చినవాడే, మొదట డిఫెన్స్‌లో ట్రై చేసి, తర్వాత బాల్ పట్టే రిసీవర్‌గా మారి, చివరికి ప్రొఫెషనల్ లీగ్‌లో గ్రీన్ బే టీమ్‌తో సూపర్ బౌల్ గెలిచాడు. అప్పట్లో స్కాలర్‌షిప్‌ల మీద గరిష్ఠంగా 85 అని పరిమితి ఉండేది, అలాంటప్పుడు, ఫ్రీగా వచ్చే మంచి ప్లేయర్ ఒక్కొక్కడూ అదనపు స్కాలర్‌షిప్ కిందే లెక్క. దీనికి తోడు రెడ్‌షర్ట్, ఒక ఏడాది మ్యాచ్‌లు ఆడించకుండా ప్రాక్టీస్ మాత్రమే చేయించి అయిదేళ్ళలో నాలుగు సీజన్లు వాడుకోవడం. ఫలితంగా మైదానంలో వీళ్ళ టీమ్ ఎప్పుడూ అవతలి టీమ్ కంటే ఒకటి రెండేళ్ళు పెద్దవాళ్ళు. టాలెంట్ తక్కువైనా, తప్పులు తక్కువ, ఫౌల్స్ తక్కువ, అవతలోళ్ళు తన్నిన బాల్ పట్టుకుని ఎదురు పరిగెత్తే కిక్ రిటర్న్‌లలో పాయింట్లు ఎక్కువ. కిక్ రిటర్న్, పంట్ (బాల్‌ని దూరంగా తన్ని అవతలోళ్ళకి వదిలెయ్యడం) లాంటి స్పెషల్ టీమ్స్ పని చాలా టీముల్లో ఎవరో జూనియర్ అసిస్టెంట్‌కి అప్పజెప్తారు, స్నైడర్ టీములు దాన్ని అఫెన్స్‌తో సమానంగా చూసేవి, ఏళ్ళ తరబడి అక్కడ వీళ్ళకి పేరు.

మ్యాచ్‌లో లెక్క కూడా ఇలాగే, ఎవరూ వాడని వస్తువు వాడటం. మామూలుగా క్వార్టర్‌బ్యాక్ బాల్‌ని రన్నింగ్ బ్యాక్‌కి ఇచ్చి నిలబడి చూస్తాడు, అంటే ఆ ప్లేలో అఫెన్స్‌కి పనిచేసేది పది మందే, డిఫెన్స్‌కి పదకొండు. పరిగెత్తేవాణ్ణి పక్కన పెడితే అడ్డు కొట్టేవాళ్ళు తొమ్మిది మంది, అంటే ఎలా గీసినా డిఫెన్స్‌లో ఇద్దరు ఖాళీగా మిగులుతారు, బాల్ పట్టుకున్నవాణ్ణి పడేసేది వాళ్ళే. అదే క్వార్టర్‌బ్యాక్ తనే పరిగెత్తితే? రన్నింగ్ బ్యాక్ కూడా అడ్డు కొట్టేవాళ్ళలో చేరతాడు, మిగిలిన ఆ ఇద్దరిలో ఒకడి లెక్క సరిపోతుంది. పది గజాల కోసం నాలుగు ఛాన్సుల ఆటలో ఒక మనిషి తేడా అంటే చాలా పెద్ద తేడా. ఆ రోజుల్లో క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగులుతుందని పాస్ ఆడే కోచ్‌లు భయపడేవాళ్ళు, బాల్ ఇవ్వాలా తనే పరిగెత్తాలా అన్నది క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునే నెబ్రాస్కా లాంటి ఆప్షన్ టీములు పరిగెత్తించేవి గానీ అవి పాస్ తక్కువ ఆడేవి. స్నైడర్ రెండూ కలిపాడు. దానికి తగ్గ కుర్రాడు మైకేల్ బిషప్, టెక్సస్‌లో బ్లిన్ అనే జూనియర్ కాలేజీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా రెండు జాతీయ టైటిళ్ళు గెలిచి వచ్చాడు. అంత గెలిచినవాడు జూకోలో దొరకడమే ఈ పద్ధతి ఎందుకు పనిచేసిందో చెప్తుంది.

మూడోది షెడ్యూల్, దీన్ని చెప్తే కొందరికి నచ్చదు. లీగ్ మ్యాచ్‌లు తప్పించుకోలేరు, కానీ సీజన్ మొదట్లో మూడు నాలుగు మ్యాచ్‌లు ఎవరితో ఆడాలో కాలేజీ ఇష్టం. స్నైడర్ అక్కడ కావాలని బలహీనమైన టీముల్ని పెట్టించాడు. గెలుపు అలవాటు అవుతుంది, ఇంట్లో జనం వస్తారు, బౌల్‌కి కావాల్సిన ఆరు గెలుపుల్లో సగం అక్కడే వస్తాయి, జనం వస్తే డబ్బొస్తుంది, డబ్బొస్తే స్టేడియం పెరుగుతుంది. విమర్శకులు పిరికితనం అన్నారు. నేనైతే తప్పు పట్టను, కోలుకుంటున్న టీమ్‌ని మొదటి రౌండ్‌లోనే ఛాంపియన్ మీదికి తోలడం వీరత్వం కాదు. కాకపోతే బాగుపడ్డాక కూడా అదే షెడ్యూల్ పట్టుకుని కూచోవడం దగ్గర మాత్రం ఆయన లెక్క తప్పింది, దాని ధర 1998లో కట్టారు.

1998 సంగతి చెప్పుకోవాలి. అప్పటికి లీగ్ బిగ్ ట్వెల్వ్ అయింది. లీగ్ బయటి మ్యాచ్‌లు ఇండియానా స్టేట్, నార్తర్న్ ఇల్లినాయ్, నార్త్ఈస్ట్ లూసియానా, అందులో ఒకటి 73-7. నవంబర్ 14న నెబ్రాస్కా వచ్చింది. నెబ్రాస్కా చేతిలో వరసగా 29 ఏళ్ళు ఓడిన టీమ్ ఇది, చివరిసారి గెలిచింది 1968లో. ఆ రోజు 40-30తో గెలిచారు, జనం మైదానం మీదికి ఉరికి గోల్ పోస్టులు పీకేశారు. కోచ్‌ల ర్యాంకింగ్‌లో నంబర్ వన్. పదేళ్ళ కింద దేశంలో ఆఖరి టీమ్. డిసెంబర్ 5న సెయింట్ లూయిస్‌లో లీగ్ ఫైనల్, టెక్సస్ ఏ అండ్ ఎం మీద, నాలుగో క్వార్టర్‌లో 27-12 ముందున్నారు, గెలిస్తే జాతీయ టైటిల్ మ్యాచే. అక్కణ్ణించి పట్టు జారి రెండో ఓవర్‌టైమ్‌లో 36-33తో ఓడారు. పోనీ ఒక్క ఓటమే కదా, ర్యాంకుల్లో దేశంలో మూడో స్థానం, పెద్ద బౌల్ ఏదో ఒకటి పిలుస్తుంది అనుకుంటే ఒక్కరూ పిలవలేదు, చిన్నదైన అలమో బౌల్‌కి పంపారు, అక్కడ మనసు లేని ఆట ఆడి పర్డ్యూ చేతిలో 37-34తో ఓడారు. ఎందుకు పిలవలేదు అంటే చిన్న ఊరి టీమ్, టీవీ జనం తక్కువ అని ఒక కారణం, తేలిక షెడ్యూల్ వల్ల ఆ 11 గెలుపులకి విలువ ఇవ్వలేదు అని ఇంకో కారణం. తర్వాత మూడో ర్యాంకు టీమ్‌కి పెద్ద బౌల్ గ్యారంటీ అని రూల్ మార్చారు, దాన్ని ఇప్పటికీ కాన్సస్ స్టేట్ రూల్ అనే అంటారు.

ఆయన కింద పనిచేసినవాళ్ళ లిస్ట్ చూస్తే ఇంకో కోణం. బాబ్ స్టూప్స్, మైక్ స్టూప్స్, జిమ్ లెవిట్, మార్క్ మాంజినో, బ్రెట్ బీలెమా, అందరూ తర్వాత పెద్ద యూనివర్సిటీల్లో హెడ్ కోచ్‌లే. లెవిట్ అయితే సౌత్ ఫ్లోరిడాలో అసలు లేని టీమ్‌ని సున్నా నుంచి మొదలుపెట్టాడు. బాబ్ స్టూప్స్ 1999లో ఓక్లహోమాకి వెళ్ళి, 2000లోనే జాతీయ టైటిల్ కొట్టాడు, ఆ దారిలో పాత గురువుని ఒకే సీజన్‌లో రెండుసార్లు ఓడించాడు. 2003లో బాకీ తీరింది, దేశంలో నంబర్ వన్‌గా, ఒక్క ఓటమి లేకుండా వచ్చిన ఓక్లహోమాని లీగ్ ఫైనల్లో కాన్సస్ స్టేట్ 35-7తో చితక్కొట్టింది. ఆ రాత్రి డారెన్ స్ప్రోల్స్ అనే అయిదడుగుల ఆరంగుళాల కుర్రాడు 235 గజాలు పరిగెత్తాడు, వాడూ కాన్సస్ పిల్లాడే, ఈ ఎత్తుకి ఏం ఆడతాడులే అని చాలామంది వదిలేసినవాడే. 1934 తర్వాత కాన్సస్ స్టేట్‌కి అదే మొదటి లీగ్ టైటిల్.

ఓక్లహోమా మాజీ కోచ్ బ్యారీ స్విట్జర్, స్నైడర్‌ని ఈ ఏడాది కోచ్, ఈ దశాబ్దం కోచ్ అనడం కాదు, శతాబ్దపు కోచ్ అనాలి అన్నాడు. పొగడ్త పక్కన పెడితే లెక్క చూడండి, 1997 నుంచి 2003 దాకా ఏడు సీజన్లలో ఆరింట్లో 11 గెలుపులు, 1993 నుంచి వరసగా పదకొండు ఏళ్ళు బౌల్.

ఆ తర్వాత జారుడు చాలా వేగంగా జరిగింది, 2004లో 4-7, 2005లో 5-6. కారణాలు చూస్తే ఇందాక చెప్పిన జూకో నష్టమే ముందుంటుంది, ఏడాదికేడాది నింపుకుంటేనే నిలబడే పద్ధతి, ఇప్పుడు అదే కాలేజీల గేట్ల ముందు వేరే కోచ్‌లు కూడా నిలబడ్డారు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళతో సహా. నాకు అనిపించేది ఏంటంటే, ఎవరికీ అక్కర్లేనిది ఏరుకుని గెలిస్తే, గెలిచిన రోజు నుంచే అది అందరికీ కావాల్సింది అయిపోతుంది. 2005 చివర్లో 66 ఏళ్ళకి రిటైర్ అయ్యాడు, కుటుంబంతో గడపాలని చెప్పాడు, స్టేడియానికి ఆయన కుటుంబం పేరు పెట్టారు. రాన్ ప్రిన్స్ అని కొత్త కోచ్ వచ్చి మూడేళ్ళలో 17-20.

2008 నవంబర్‌లో 69 ఏళ్ళ వయసులో స్నైడర్‌ని వెనక్కి పిలిచారు. నా మటుకు నాకు కేసులో అతి విలువైన భాగం ఇదే. ఎందుకంటే మొదటిసారి గెలిస్తే అదృష్టం అనొచ్చు, ప్రెసిడెంట్ డబ్బు పెట్టాడు అనొచ్చు, కాలం కలిసొచ్చింది అనొచ్చు. అదే మనిషి, అదే ఊరు, ప్రత్యర్థులు అందరికీ ఇప్పుడు ఆయన ట్రిక్కులు తెలుసు, అయినా మళ్ళీ పనిచేసింది. 2009లో 6-6, తర్వాత 7-6, 10-3, 11-2. క్వార్టర్‌బ్యాక్ కాలిన్ క్లైన్ అని కొలరాడో కుర్రాడు, బాల్ విసిరే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, మొదట్లో రిసీవర్‌గా కూడా ఆడించారు. 2011లో ఆ కుర్రాడు తనే పరిగెత్తి 27 టచ్‌డౌన్లు (బాల్‌తో ఎండ్ జోన్ చేరితే వచ్చే స్కోరు) కొట్టాడు. అదే పాత లెక్క, పదకొండో మనిషి. 2012లో టీమ్ మళ్ళీ దేశంలో నంబర్ వన్ అయింది, బేలర్ చేతిలో 52-24తో చిత్తుగా ఓడి జాతీయ టైటిల్ మళ్ళీ చేజారింది, లీగ్ టైటిల్ మాత్రం పంచుకున్నారు, క్లైన్ హైస్మన్ ఓటింగ్‌లో మూడో స్థానం. క్వార్టర్‌బ్యాక్‌కి బాల్ అందించే సెంటర్ పొజిషన్‌లో బీజే ఫిన్నీ లాంటి వాకాన్ కుర్రాళ్ళు ఏళ్ళకేళ్ళు ఆ లైన్‌ని మోశారు.

వెల కూడా చెప్పాలి, లేకపోతే కేస్ స్టడీ కాదు, భజన అవుతుంది. సీజన్‌లో ఆయన రోజుకి ఒక్కపూటే తినేవాడు, రాత్రి ఇంటికెళ్ళాక, పగలు తింటే టైమ్ పోతుందని. పిల్లల దగ్గర ఉండాల్సినంత లేను అని తనే చాలాసార్లు బాధపడ్డాడు. 2017లో గొంతు క్యాన్సర్ ట్రీట్‌మెంట్ తీసుకుంటూ కూడా టీమ్‌ని వదల్లేదు. దాన్ని గొప్పగా చెప్పేవాళ్ళున్నారు, నేను చెప్పను. ప్రతి చిన్న నిర్ణయం ఒకే బల్ల మీదికి వచ్చేలా కట్టిన పద్ధతి అది, ఆ బల్ల దగ్గర మనిషి లేవగానే ఏమవుతుందో 2006 నుంచి 2008 దాకా చూశాం. మంచి వైపు కూడా ఒకటుంది, అవతలి టీమ్ కుర్రాళ్ళకి, గాయపడ్డవాళ్ళకి, బాగా ఆడినవాళ్ళకి, చేత్తో ఉత్తరం రాసి పంపేవాడు, తన మీద గెలిచిన కుర్రాళ్ళకి కూడా. టైమ్ లేదని అన్నం మానేసిన మనిషి దీనికి టైమ్ ఎలా తీశాడో.

ఇప్పటి కోచ్‌లు ఈ కేసుని పాతబడింది అనొచ్చు, కొంత నిజం. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ప్లేయర్లు ఏటా కాలేజీ మారొచ్చు, ఇండియానా యూనివర్సిటీ 2023లో 3-9, కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటీ తన పాత కాలేజీ నుంచి కుర్రాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి 2024లో 11-2 చేశాడు. స్నైడర్ అయిదేళ్ళలో చేసింది ఒక్క ఏడాదిలో. కానీ మన డిగ్రీ కాలేజీకి పోర్టల్ లేదు, వచ్చిన పిల్లాడు మూడేళ్ళు మనతోనే, అందుకే నాకు ఇండియానా కంటే 1989 కాన్సస్ స్టేటే దగ్గరగా కనిపిస్తుంది. స్పోర్ట్స్ కోటాలో పేరున్నవాళ్ళు సిటీకి పోయాక మిగిలేది ఇంటర్‌లో సప్లిమెంటరీ రాసి ఆలస్యంగా వచ్చినవాళ్ళు, పాలిటెక్నిక్ మధ్యలో ఆపేసి డిగ్రీలో చేరినవాళ్ళు, వయసు ఒకటి రెండేళ్ళు ఎక్కువున్నవాళ్ళు. మన జూకో అదే. యూనివర్సిటీ వయసు రూల్ దాటకుండా చూసుకుంటే చాలు, వాళ్ళ లిస్ట్ సెప్టెంబర్‌లో కూడా తెరిచే ఉంచాలి.

స్నైడర్ 2018 డిసెంబర్‌లో 79 ఏళ్ళకి రెండోసారి తప్పుకున్నాడు, మొత్తం 215 గెలుపులు, 117 ఓటములు, ఒక డ్రా. అప్పటికి మూడేళ్ళ ముందే, ఇంకా కోచింగ్ చేస్తుండగానే హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు, 75 దాటితే రిటైర్ అవ్వకపోయినా పెట్టొచ్చని అక్కడ రూల్. తన తర్వాత కొడుకు సీన్ రావాలన్న కోరిక ఆయన దాచుకోలేదు, సీన్ అదే టీమ్‌లో ఒకప్పుడు పేరున్న పంటర్, తర్వాత స్పెషల్ టీమ్స్ కోచ్. యూనివర్సిటీ ఒప్పుకోలేదు, నార్త్ డకోటా స్టేట్ నుంచి క్రిస్ క్లీమన్‌ని తెచ్చింది. ఆ విషయంలో నేను యూనివర్సిటీ వైపే. క్లీమన్ 2022లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ) మీద ఓవర్‌టైమ్‌లో 31-28తో బిగ్ ట్వెల్వ్ టైటిల్ గెలిచాడు, ఆ సీజన్ అఫెన్స్ నడిపిన కోఆర్డినేటర్ కాలిన్ క్లైన్, ఏడాది మొదట్లో క్వార్టర్‌బ్యాక్ నెబ్రాస్కా వదిలేసి వచ్చిన ఏడ్రియన్ మార్టినెజ్, పరిగెత్తే రకం.